మందకు ముందు మేత
కొత్తగా గొర్రెలు కొనదలచిన రైతులకు కొన్ని సూచనలు



వానకాలపు పంట ఇల్లు చేరి, చేతిలో నాలుగు రూపాయలు ఆడు దినములలో మా కార్యాలయమునకు వచ్చు రైతులు విత్తనముల గురించి, ఎరువుల గురించి మాట్లాడి, లేచి వెళ్ళబోవుచు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "ఓ ఇరవై గొర్రెలు కొందామనుకుంటున్న సారూ, గిట్టుబాటైతదా?"

ప్రశ్న మంచిదే. మనది గొర్రెల రాష్ట్రము. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము దేశములోని గొర్రెలు సుమారు 7 కోట్ల 43 లక్షలు. అందులో 1 కోటి 91 లక్షలు తెలంగాణలోనే ఉండెను. ఆ లెక్కలో మనది మొదటి స్థానము, పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ ది రెండవ స్థానము. 2017లో ప్రభుత్వము గొల్ల, కురుమ కుటుంబములకు రాయితీపై జీవములను పంచిన నాటినుండి "ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు" అను మాట పల్లెపల్లెన ఒక కొలతగా నిలిచిపోయినది.

అయితే పై ప్రశ్నకు జవాబు గొర్రె ధరలో లేదు. ఆ సంగతి నాకు తెలియుటకు ఒక రైతు నష్టపోవలసివచ్చినది.

నేను ఈ మండలమునకు వచ్చిన తొలి ఏడు ఆయన ఇదే ప్రశ్న అడిగినాడు. నేను చదివినది పంటల చదువు. ఎకరము పత్తికి వచ్చునదెంత, ఇరవై గొర్రెలకు వచ్చునదెంత అని కాగితము మీద లెక్క వేసి, గొర్రెలే మేలని చెప్పి పంపితిని. మేత ఎక్కడిదని అడుగలేదు. ఆయన మండువేసవిలో దూరపు సంతకు పోయి, అప్పు చేసి, ఇరవై యొక్క జీవములను కొని లారీలో దింపించుకొనినాడు. ఊరిలో పచ్చగడ్డి లేదు. ఇంట దాచిన మేత లేదు. జీవములకు టీకాలు పడలేదు. దారి బడలికతోనే మూడు పోయినవి. తొలకరికి మోడులనుండి లేచిన జొన్న పిలకలు మేసి ఒకే పూటలో నాలుగు పోయినవి. వానలలో పారుడు రోగము సోకి మరి ఐదు పోయినవి. దసరా నాటికి మిగిలినవి తొమ్మిది. వాటిని అమ్మి ఆయన వడ్డీ మాత్రము కట్టగలిగినాడు.

నేను వేసిన లెక్కలో కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నవి. కాని ఆ లెక్కలో వేసవి లేదు. ఆ తరువాత పశువైద్యుల వద్దను, మా ఊళ్ళలోని పెద్ద కురుమల వద్దను నేర్చుకొన్నది ఈ వ్యాసమున మీ ముందుంచుచున్నాను. చెప్పదలచినది ఒక్కటే: మందను కొనుటకు ముందు మంద వేసవిని గడుపు ఏర్పాటు చేసికొనుడు.

కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: వెంట తిరుగువారెవరు? గొర్రె కట్టుకొయ్యకు కట్టి పెంచు జీవము కాదు. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు తిరిగి మేయవలెను. కాపరి లేని మంద పొరుగువాని చేనులోనో, ఊరకుక్కల నోటిలోనో పడును. ఇంటిలో ఒకరు ఏడాది పొడవున ఈ పనికే నిలువగలరా? పెండ్లికి పోయినను, జ్వరము వచ్చినను ఆ దినము మందను తోలువారు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకనిచో ముందుకు పోవలదు.

రెండవ ప్రశ్న: మేపుటకు తావు ఎక్కడ? బీళ్ళు, గుట్టలు, చెరువు శిఖములు ఒకప్పటివలె లేవు. పంటకాలమున మంద ఎక్కడ తిరుగును, పంట కోసిన పిదప ఎవరి చేలలో మేయును, వానలో ఏ మిట్టకు తోలవలెను అని ముందుగానే చూచుకొనవలెను. ఊరిలో ఇదివరకే మందలు ఉన్నచో వారితో మాట్లాడి పొత్తు కుదుర్చుకొనుట మంచిది.

మూడవ ప్రశ్న: రాత్రి ఉంచు చోటు, త్రాగు నీరు. నాలుగవది, అన్నిటికంటె పెద్దది, వేసవి మేత. దానికి లెక్క వేయుట కష్టము కాదు.

వేసవి మేత లెక్క

ముప్పది కిలోల గొర్రెకు రోజుకు సుమారు ఒక కిలో ఎండుమేతకు సమానమైన ఆహారము కావలెను. ఇరవై యొక్క జీవములకు రోజుకు 21 కిలోలు. మార్చి మొదలుకొని మృగశిర కార్తె వరకు నూరు దినములనుకొన్నచో 2,100 కిలోలు. తిరిగి మేయుటవలన ఇందులో సగము దొరుకుననుకొన్నను, తక్కిన సగము, అనగా ఒక టన్నుకు పైబడిన ఎండుమేత, మీ ఇంట వామిగా ఉండవలెను. ఇది లేనిచో కొనవలదు. లేక ఉన్న మేతకు తగినన్ని జీవములనే కొనుడు.

ఈ మేతకు వేరుశనగ కట్టె మిక్కిలి శ్రేష్ఠము. కంది, పెసర, మినుము, ఉలవ, శనగల పొట్టును పొలములో తగులబెట్టక తెచ్చి వాన తడవకుండ దాచుడు. వరిగడ్డి కడుపు నింపునే గాని గొర్రెకు బలము తక్కువ. బూజు పట్టిన కట్టెను పెట్టరాదు. గట్ల మీద అవిసె, సుబాబుల్, గిరిపుష్పము, మునగ పెంచినచో వేసవిలో కొమ్మలు నరికి వేయవచ్చును. సుబాబుల్ ఆకు మొత్తము మేతలో మూడవ వంతుకు మించరాదు. మించినచో బొచ్చు రాలి, జీవము చిక్కిపోవును. నల్లతుమ్మ కాయలు వేసవిలో మంచి బలవర్ధకము. పనికిరాని మిట్టనేల ఉన్నచో తొలకరిలో స్టైలో గడ్డి విత్తనము చల్లుడు. అది పప్పుజాతి మేత. నేలకును మేలు చేయును.

ఇక్కడ ఒక హెచ్చరిక. లేత జొన్నలోను, బెట్టకు వడలిన జొన్నలోను, కోసిన మోడునుండి మరల లేచిన పిలకలలోను విషము ఉండును. దీనినే మనవారు నాము అందురు. తిన్న కొద్దిసేపటికే జీవము ఆయాసపడి, తూలి, కొట్టుకొని చనిపోవును. జొన్న పూతకు వచ్చు వరకు ఆ చేని దాపునకు మందను పోనీయరాదు. నాము సోకినట్లు తోచిన వెంటనే పశువైద్యుని పిలువవలెను. దీనికి సూదిమందు ఉన్నది గాని ఆలస్యమైనచో ఫలితముండదు.

దొడ్డి

దొడ్డికి పెద్ద ఖర్చు అక్కరలేదు. నీరు నిలువని మిట్టన, పొడవు తూర్పు పడమరలుగా ఉండునట్లు కట్టవలెను. ఆడ గొర్రెకు 10 నుండి 12 చదరపు అడుగులు, పిల్లకు 4 నుండి 5 చదరపు అడుగుల చోటు కావలెను. ఇరవై గొర్రెలకు, పిల్లలకు 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గల కప్పు సరిపోవును. పొట్టేలుకు వేరుగా ఒక మూల దడి కట్టుడు. తాటాకు కప్పు చల్లన. రేకు వేసినచో వేసవిలో పైన గడ్డి పరచవలెను. గోడలు నిండుగా కట్టక గాలి ఆడనీయుడు. చుట్టును ముళ్ళకంప దడిగాని, వల కంచెగాని కుక్కలు దూరనంత గట్టిగా ఉండవలెను. ఒక్క రాత్రి కుక్కలు దూరినచో ఏడాది కష్టము పోవును.

నేల పొడిగా ఉండుట అన్నిటికన్న ముఖ్యము. గొర్రె ఎండను ఓర్చును, చలిని ఓర్చును. కాలి క్రింద బురదను ఓర్వదు. వారమునకొకసారి పెంట తీసి సున్నము చల్లుడు. త్రాగుటకు శుభ్రమైన నీరు రెండు పూటల, వేసవిలో మూడు పూటల పెట్టవలెను.

ఏ జాతి?

మన ప్రాంతమున ముఖ్యముగా రెండు రకములు కలవు. నెల్లూరు గొర్రె ఎత్తైనది, కాళ్ళు పొడవు, ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెండ్రుక మాత్రమే. తెల్లనిది పల్ల, ముఖము మీద నల్ల మచ్చలున్నది జోడిపి, ఎర్రనిది డోర. ఇది మాంసమునకు ప్రసిద్ధి. రెండవది దక్కని గొర్రె. సాధారణముగా నల్లనిది, ముతక ఉన్ని కలది. మహబూబ్ నగర్, మెదక్ వంటి పూర్వపు జిల్లాల మెట్టనేలలలో తరతరములుగా పెరిగినది. కొరత మేతను, దూరపు నడకను ఓర్చుకొనును. గొంగడికి ఉన్ని ఇచ్చునది ఇదియే.

తూకము ఎక్కువ వచ్చునని చాలమంది దక్కని మందలలో నెల్లూరు పొట్టేలును వదలినారు. పిల్లలు ఎత్తుగా వచ్చినవి, ఉన్ని పోయినది. నేడు నికరమైన దక్కని పొట్టేలు కావలెనన్న వెదుకవలసి వచ్చుచున్నది. మీ మిట్టలలో దక్కని మంద బాగుగా బ్రతుకుచున్నచో దానిని చెడగొట్టుకొనవలదు. ఏ జాతియైనను మీ ఊరికి దాపున, మీ ఎండకు, మీ నీటికి అలవాటుపడిన మందలో కొన్నదే మేలు.

ఎంపిక

కాలము ముందు చెప్పెదను. ఎండలు ముదిరిన తరువాత కొనరాదు. వానకాలపు పంట కోసి, సంక్రాంతికి ముందు వెనుకలుగా కొన్నచో చల్లదనము ఉండును, కోసిన చేలలో మేత ఉండును, వామి వేసికొనుటకు కట్టె చవుకగా దొరకును.

వయస్సును పండ్లు చెప్పును. క్రింది దవడ ముందు భాగమున ఎనిమిది పండ్లుండును; పై దవడ ముందు పండ్లుండవు. ఎనిమిదియు చిన్న పాలపండ్లే అయినచో ఏడాది లోపు పిల్ల. నడుమ రెండు పెద్ద పండ్లు వచ్చినచో ఏడాది నుండి ఏడాదిన్నర. నాలుగు వచ్చినచో సుమారు రెండేండ్లు. ఆరు వచ్చినచో మూడేండ్లకు దగ్గర. ఎనిమిది నిండినచో నాలుగేండ్ల ప్రాంతము. పండ్లు అరిగి, సందులు పడి, ఊడినచో ముసలిది. ఎంత చవుకైనను వలదు. కొత్తవారికి రెండు, నాలుగు పండ్ల గొర్రెలు తగును.

ఒక పెద్ద కురుమ నాకు నేర్పిన పద్ధతి ఇది. సంతలో గొర్రె వెనుక భాగమును చూచుటకు ముందు దాని కంటి రెప్పను క్రిందికి లాగి చూడవలెను. లోపల ఎర్రగా ఉన్నచో మంచిది. తెల్లగా పాలినచో కడుపులో నట్టలు రక్తము త్రాగుచున్నవని గుర్తు. దవడ క్రింద నీరు సంచివలె దిగినచో ఆ జబ్బు ముదిరినదని అర్థము. పిదప వీపు మీద చేయి వేసి చూడుడు. బొచ్చు క్రింద వెన్నెముక కత్తివలె తగులరాదు. నాలుగు అడుగులు నడిపించి కుంటుచున్నదేమో చూడుడు. తోక క్రింద పారుడు మరకలు, ముక్కున చీమిడి ఉండరాదు. పొదుగును చేతితో తడిమి, గడ్డలు లేకుండ మెత్తగా ఉన్నదని, చన్నులు రెండును మంచివని తెలిసికొనుడు. ఇవే పద్ధతులు పశువైద్యులును పాటించుచున్నారని తరువాత తెలిసికొంటిని.

పొట్టేలు విషయమున ఖర్చుకు వెనుదీయరాదు. గొర్రె ఒక పిల్లకే తల్లి. పొట్టేలు ఇరవై పిల్లలకు తండ్రి. ఏడాదిన్నర దాటి, ఛాతి వెడల్పుగా, కాళ్ళు గట్టిగా, వృషణములు రెండును సమముగా, నిండుగా ఉన్నదానిని తీసికొనుడు. రెండేండ్లకొకసారి పొట్టేలును మార్చుడు. లేనిచో తన పిల్లలతోనే అది కలిసి, మంద క్రమముగా పొట్టిదై, బలహీనమగును.

దారిలోను, తొలి మూడు వారములును

ఈనుటకు దగ్గరపడిన చూడి గొర్రెలను దూరము తరలింపరాదు, ఈసుకుపోవును. ఎక్కించుటకు ముందు నీరు త్రాపి, లారీ అడుగున గడ్డి పరచి, రాత్రిపూట చల్లదనమున తీసికొని రావలెను. దిగిన వెంటనే కడుపునిండ దాణా పెట్టరాదు. నీరు, ఎండుమేత ముందు, పచ్చమేత మరునాడు.

కొత్త జీవములను మూడు వారముల పాటు పాత మందకును, ఊరి మందలకును దూరముగా ఉంచవలెను. సంతలో అంటుకొన్న రోగము ఏదైన ఉన్నచో సాధారణముగా ఈ లోపున బయటపడును. ఈ దినములలోనే పశువైద్యునికి చూపించి నట్టల మందు, టీకాలు వేయించి, బీమా చేయించి చెవి పోగులు వేయించుడు. చెవి పోగు ఊడినచో వెంటనే తెలియజేయవలెను. పోగు లేని జీవమునకు పరిహారము దొరకుట కష్టము.

కొత్తవారు ప్రేమతో చేయు పొరపాటు ఒకటి కలదు. పెండ్లిలో మిగిలిన అన్నమునో, బియ్యపు నూకలనో ఒకేసారి గంపెడు పోయుదురు. గొర్రె పొట్ట గడ్డికి తగిన పొట్ట. గింజ ఎక్కువైనచో పొట్టలో పులిసి, ఉబ్బి, ఒక దినములోనే ప్రాణము తీయును. దాణా ఎప్పుడును కొద్దికొద్దిగా పెంచవలెను.

కలయిక కాలము, ఈత కాలము

గొర్రె చూలు ఐదు నెలలు, అనగా సుమారు 150 దినములు. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకొన్నచో ఏడాది పని అంతయు కుదురుకొనును. మృగశిర వానలకు గడ్డి మొలచి జీవములు తేరుకొన్న తరువాత, జూన్, జూలై మాసములలో పొట్టేలును కలిపినచో నవంబరు, డిసెంబరులో పిల్లలు పుట్టును. అప్పటికి వానలు వెనుకబట్టును. చేలలో కోతల మేత ఉండును. తల్లికి పాలు ఉండును. మూడు నెలలకు పాలు మాన్పునప్పటికి ఎండలు ఇంకను ముదరవు. పొట్టేలును ఏడాది పొడవున మందలోనే వదలినచో కొన్ని మండువేసవిలో ఈనును. తల్లికే మేత లేనప్పుడు పిల్లకు పాలెక్కడివి?

కలయికకు రెండు మూడు వారముల ముందునుండి ఒక్కొక్క గొర్రెకు రోజుకు 200 గ్రాముల దాణా పెట్టినచో ఎక్కువ గొర్రెలు ఎదకు వచ్చి కట్టును. గొర్రె 17 దినములకొకసారి ఎదకు వచ్చును గనుక, పొట్టేలును ఆరు లేక ఏడు వారములు కలిపి ఉంచిన చాలును. మరల చూలు చివరి నెలన్నర దాణా పెట్టవలెను. పిల్ల బరువు పెరుగునది అప్పుడే. మొక్కజొన్న, వేరుశనగ చెక్క, తవుడు కలిపి, నూటికి రెండు పాళ్ళు ఖనిజ లవణ మిశ్రమము, ఒక పాలు ఉప్పు చేర్చిన దాణా ఇంటనే తయారు చేసికొనవచ్చును. మిశ్రమము గొర్రెలకని తయారైనదే కావలెను. ఆవులకు, బర్రెలకు పెట్టునదానిలో రాగి ఎక్కువగా ఉండవచ్చును. రాగి గొర్రెకు విషము.

పిల్లల సంరక్షణ

పిల్ల పుట్టగనే ముక్కు, నోరు తుడిచి, తల్లిని నాకనీయుడు. బొడ్డును శుభ్రమైన దారముతో కట్టి, కోసి, టింక్చర్ అయొడిన్ అద్దుడు. మొదటి గంటలోపలనే ముర్రుపాలు త్రాగించవలెను. మాయ పడిన పిదపనే ముర్రుపాలు త్రాగించవలెనను నమ్మకముతో కొందరు ఆలస్యము చేయుదురు. అది తగదు. తల్లి ఇచ్చు రోగనిరోధక శక్తి ఆ పాలలోనే ఉన్నది. గంటలు గడచిన కొలది పిల్ల పొట్ట దానిని స్వీకరింపలేదు. మూడు కిలోల పిల్లకు మొదటి దినమున మొత్తము 300 గ్రాములు అందవలెను. తల్లికి పాలు లేనిచో అదే దినమున ఈనిన మరొక తల్లి పాలు పట్టుడు.

నవంబరు, డిసెంబరు చలికి పిల్లలు చచ్చుట కద్దు. రాత్రిపూట పొడిగడ్డి పరచి, గాలి కొట్టని మూల, గంప క్రిందనో గొంగడి చాటుననో ఉంచుడు. రెండు వారములు దాటిన పిదప లేత ఆకు కట్ట కట్టి వ్రేలాడదీసినచో కొరుకుట నేర్చుకొనును.

రోగములు, టీకాలు

టీకా రోగమును రానీయదు. వచ్చిన రోగమును నయము చేయదు. కనుక కాలమునకు ముందే వేయించవలెను. పారుడు రోగము, అనగా పి.పి.ఆర్., జ్వరము, నోటిపూత, ముక్కు చీమిడి, దుర్వాసన గల పారుడుతో వచ్చి మందను ఊడ్చివేయును. దీని టీకా ఒక్కసారి వేసినచో సుమారు మూడేండ్లు కాపాడును. చిటుకు రోగము తొలకరి లేతగడ్డి మేసిన, బాగుగా బలిసిన పిల్లలనే పట్టి, చిటికెలో పడవేయును. వానలకు ముందే టీకా వేయించుడు. నీలి నాలుక రోగము వానల తరువాత కంటికి ఆనని చిన్న దోమల వలన వచ్చును. మూతి వాచి, కాళ్ళు కుంటువడును. మశూచికి, గొంతువాపునకు, గాలికుంటుకు కూడ టీకాలు కలవు. ఏది ఏ నెలలో అన్నది మీ ఊరి పశువైద్యశాలలో అడిగి, పట్టిక వ్రాయించుకొని, గోడకు అంటించుకొనుడు.

నట్టల మందు తొలకరికి ముందు ఒకసారి, వానల పిదప ఒకసారి తప్పనిసరి. జీవమును తూచి, తూకమునకు తగినంత పోయవలెను. తక్కువ పోసినచో నట్టలు చావక ఆ మందుకు అలవాటుపడును. కొన్ని మందులు చూలు తొలి దినములలో పనికిరావు. చూడి గొర్రెలని వైద్యునితో చెప్పి తీసికొనుడు. వానకాలమున మంచు ఆరిన పిదపనే మందను వదలుడు. నత్తలున్న చెరువు అంచులలో మేపవలదు. మంద వెంట తిరుగు కుక్కకును నట్టల మందు వేయించవలెను. చచ్చిన గొర్రె తలకాయను కుక్కకు వేసినచో, దాని కడుపులోని పురుగు గ్రుడ్లు గడ్డిమీదికి చేరి, మరల గొర్రె మెదడులో తిత్తిగా పెరిగి, జీవము ఒకే వైపు గిరగిర తిరుగుచు చచ్చును.

మరి రెండు జాగ్రత్తలు మీ ప్రాణమునకు సంబంధించినవి. ఈసుకుపోయిన పిండమును, మాయను వట్టి చేతులతో ముట్టరాదు. ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుండి, మలద్వారమునుండి నల్లని, గడ్డకట్టని రక్తము కారిన గొర్రె దొమ్మ రోగముతో చచ్చినదని అనుమానింపవలెను. దానిని కోయరాదు, తోలు తీయరాదు, తినరాదు. ఆ రోగము మనుష్యులకును సోకి చంపును. వెంటనే పశువైద్యునికి తెలిపి, ఆయన చెప్పినట్లు లోతుగా గొయ్యి తీసి, సున్నము వేసి పూడ్చుడు. సంచార పశువైద్య వాహనమునకు 1962 అను ఫోను నంబరు కలదు. దానిని మీ ఫోనులో నేడే వ్రాసికొనుడు.

ఉన్ని, ఎరువు

దక్కని గొర్రెకు ఏటా రెండుమార్లు ఉన్ని కత్తిరింతురు. ముందు దినమున చెరువులోనో వాగులోనో కడిగి, ఆరిన పిదప శుభ్రమైన చోట కత్తిరించవలెను. ముతక ఉన్నికి నేడు ధర తక్కువ. చాల చోట్ల కత్తిరింపు కూలి కూడ రాదు. అయినను కత్తిరింపక మానరాదు. పేలు, గోమార్లు చేరి జీవము చిక్కును. స్త్రీలు నూలు వడికి, చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి. నేతగాండ్రున్న ఊళ్ళలో వారితో నేరుగా మాట్లాడుకొన్నచో ఉన్నికి కొంత విలువ దక్కును.

ఎరువు సంగతి చెప్పుట నా ఉద్యోగ ధర్మము. మామూలు పశువుల పెంటలో నత్రజని నూటికి అర పాలు ఉండగా, గొర్రెల ఎరువులో సుమారు 3 పాళ్ళు నత్రజని, 1 పాలు భాస్వరము, 2 పాళ్ళు పొటాష్ ఉండును. అందుకే మన పెద్దలు ధాన్యము ఇచ్చి మరీ చేనిలో మంద పెట్టించుకొనిరి. మీ మంద మీ చేనిలోనే రాత్రులు పండుకొన్నచో ఆ లాభము మీదే. మరునాడే తేలికగా దున్ని మట్టిలో కలుపుడు.

లెక్క

మంద కుదురుకొన్న తరువాత ఒక ఏడాది లెక్క చూతము. మన జాతులు సాధారణముగా ఈతకు ఒక్క పిల్లనే ఇచ్చును. ఇరవై గొర్రెలలో పదహారు ఈనినవనుకొనుడు; రెండు పిల్లలు దక్కలేదనుకొనుడు. పదునాలుగు మిగులును. ఏడు పొట్టేలు పిల్లలు, మూడు ఆడపిల్లలు అమ్మకమునకు పోవును. నాలుగు ఆడపిల్లలను నిలుపుకొని, నాలుగు ముసలి గొర్రెలను తీసివేయుదురు. ఏడాదికి అమ్ముడుపోవునవి పదునాలుగు జీవములు. మేత, మందులు, బీమా, వడ్డీ, మీ కూలి అన్నియు ఈ పదునాలుగింటిలోనుండియే రావలెను. చచ్చిన ప్రతి జీవము ఆ రాబడిలో సుమారు పదునాలుగవ వంతును తీసికొని పోవును. గొర్రెల పెంపకములో లాభమనగా చావును తగ్గించుటయే. మొదటి అమ్మకము చేతికి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టును; అంతవరకు నిలువగల శక్తి ఉన్నదా అని చూచుకొని మరీ అప్పు చేయుడు.

మొదట చెప్పిన రైతు నిరుటి సంక్రాంతి దినములలో మరల మా కార్యాలయమునకు వచ్చినాడు. ఈసారి గిట్టుబాటు మాట ఎత్తలేదు. "సారూ, ఒక్కసారి మా ఇంటికి రండి" అన్నాడు. పోయి చూచితిని. పెరటిలో వేరుశనగ కట్టె వామి, పైన కప్పిన పట్టా, గట్టున నిలువెత్తు అవిసె, ముళ్ళకంపతో గట్టిగా కట్టిన ఖాళీ దొడ్డి ఉన్నవి. "ఇగ చెప్పుండ్రి, ఎన్ని కొనాలె?" అన్నాడు. వామిని కొలిచి, లెక్క వేసి, పది అని చెప్పితిని. పొరుగు ఊరి మందలో, పండ్లు చూచి, రెప్పలు లాగి చూచి, పదింటిని తెచ్చినాడు. పొట్టేలును ఒక బంధువుతో పొత్తు పెట్టుకొనినాడు. వేసవి గడచినది, పదియు ఉన్నవి.

మీరును అట్లే చేయుడు. ముందు వామిని, దొడ్డిని మాకు చూపుడు. తరువాత మనమందరము కలిసి గొర్రెల లెక్క వేయుదము.